62 కోట్లకు కంపెనీ పోతోంది, నాకు మాత్రం సున్నా అంటున్నారు. దివాలాలో విలువ ఎలా కడతారు?

చర్లపల్లి మెషిన్ షాప్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. చర్లపల్లిలో చిన్న మెషిన్ షాపు నాది. నాలుగు సీఎన్‌సీలు, రెండు వీఎంసీలు, రెండు షిఫ్టులు. పంపులు, వాల్వులు చేసే ఒక కంపెనీకి ఏళ్ల తరబడి వాల్వ్ బాడీలు మెషినింగ్ చేసి ఇస్తున్నా. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు వద్దు. వాళ్లు బ్యాంకుకు కట్టలేక చేతులెత్తేశారు, బ్యాంకు దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్, ఎన్‌సీఎల్‌టీకి వెళ్లింది. అప్పటికి నాకు రావలసింది 38 లక్షలు. అందులో రెండు చెక్కులు అంతకుముందే బౌన్స్ అయ్యాయి.

ఆర్పీ (కేసు నడిచినంతకాలం కంపెనీని చూసుకునే రిజల్యూషన్ ప్రొఫెషనల్) వచ్చాక ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి, ఎక్స్‌పోర్ట్ ఆర్డరు ఒకటి సగంలో ఉంది, పూర్తి చేసి పంపండి అన్నారు. పాత పరిచయం కదా అని రెండు లోడ్లు పంపా. ఆ బిల్లులు ఇంకో నాలుగు లక్షల చిల్లర. అన్నీ కలిపి, సప్లయర్లు క్లెయిమ్ పెట్టే ఫారం బి లో పెట్టేయమని వాళ్లే చెబితే అలాగే పెట్టా.

ఇప్పుడు తెలిసిందేమిటంటే 62 కోట్లకు ఎవరో కొంటున్నారు. బ్యాంకులు ఓటేసేశాయి, ఎన్‌సీఎల్‌టీ ఆమోదం మిగిలింది. నాకు వచ్చిన మెయిల్‌లో మాత్రం 'మీ క్లెయిమ్ అంగీకరించాం, ఆపరేషనల్ క్రెడిటర్లకు చెందే లిక్విడేషన్ విలువ సున్నా' అని ఒకటే ముక్క. ఆపరేషనల్ క్రెడిటర్లంటే నాలాంటి సప్లయర్లే.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 14 ఎకరాలండీ అది! షెడ్లు, ఫౌండ్రీ, టెస్టింగ్ బెడ్లు, ఈఓటీ క్రేన్లు. భూమి ఒక్కటే అమ్మినా అంతకు మించి వస్తుందని వీధిలో టీ కొట్టువాడు కూడా చెబుతాడు. అలాంటిది ఈ లిక్విడేషన్ విలువ ఎవడు కట్టాడు? దాన్ని నేను ఛాలెంజ్ చేయొచ్చా? లాయరు ఖర్చు పెట్టే ముందు తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది. మా ఆవిడ అయితే ఆ డబ్బు మర్చిపో అంటోంది. నావల్ల కావట్లేదు.


గాజువాక వాల్యూయర్ సమాధానం:

అండీ, నేను మెకానికల్ ఇంజనీర్ని, ప్లాంట్ అండ్ మెషినరీకి రిజిస్టర్డ్ వాల్యూయర్ని. మీరు తిడుతున్న ఆ 'ఎవడు' లాంటివాణ్ణే అన్నమాట. మీ కంపెనీ మాత్రం నేను చూడలేదు.

ముందు విలువ సంగతి. ఆర్పీ ఇద్దరు వాల్యూయర్లను పెడతాడు. వాళ్లు విడివిడిగా వెళ్లి చూసి రెండు అంకెలు ఇవ్వాలి: ఫెయిర్ వాల్యూ, లిక్విడేషన్ వాల్యూ. కొనేవాడికి తొందర లేదు, అమ్మేవాడికి బలవంతం లేదు, అందరికీ తెలిసేలా ప్రకటించి అమ్మితే వచ్చేది ఫెయిర్ వాల్యూ. దివాలా ప్రక్రియ మొదలైన తేదీనే కంపెనీని మూసేసి ఆస్తులు అమ్మితే ఎంత వస్తుందన్న అంచనా లిక్విడేషన్ వాల్యూ. రెండూ ఆ తేదీకే కడతారు. ఆ తర్వాత మీ ఔటర్ పక్కన ఎకరం రేటు పెరిగినా లెక్కలోకి రాదు. ఇద్దరి అంకెలకూ బాగా తేడా వస్తే మూడోవాణ్ణి పిలిచి, దగ్గరగా ఉన్న రెండింటి సగటు తీసుకుంటారు.

మూతబడ్డ ఫ్యాక్టరీలో నాలాంటివాడు ఏం చూస్తాడో చెబితే మీకు అంకె అంత చిన్నదిగా ఎందుకు ఉంటుందో అర్థమవుతుంది. ఒక ఫౌండ్రీకి వెళ్లా. కరెంటు కట్ చేసి చాలా కాలమైంది. ఇండక్షన్ ఫర్నేసు ఉంది గానీ లోపల రాగి కాయిల్ లేదు. ప్యానెల్ తలుపు తీస్తే థైరిస్టర్ కార్డులు ఊడబీకేసి ఉన్నాయి. పక్కన మంచి వీఎంసీ, జపాన్ మేక్. ఆన్ చేసి చూపించే దారి లేదు, స్పిండిల్ చేత్తో తిప్పి చూడటమే. రన్నింగ్ కండిషన్‌లో ఉందని నేను రాస్తే రేపు వేలంలో ఎవడు నమ్ముతాడు? సగం పోసి వదిలేసిన క్యాస్టింగులు గుట్టగా పడి ఉన్నాయి. ఆ పంపు మోడల్ ఇంకెవరికీ పనికిరాదు కాబట్టి వాటికి తుక్కు రేటే. బ్యాలెన్స్ షీట్‌లో అవే 'పనిలో ఉన్న సరుకు' పేరుతో కోట్లలో ఉన్నాయి. టెస్టింగ్ బెడ్ కాంక్రీటులో పాతుకుపోయి ఉంది. పీకి తీసుకెళ్లే ఖర్చు దాని ధరను మించుతుంది.

భూమి విషయంలో టీ కొట్టాయన చెప్పేది ఎకరాల లెక్క, ప్లాటు రేటు. పారిశ్రామిక వాడలో కార్పొరేషన్ ఇచ్చిన లీజు భూమి అయితే బదిలీకి వాళ్ల అనుమతి కావాలి, ఫీజు కట్టాలి, వాడుక మార్చాలంటే ఇంకో తతంగం. 14 ఎకరాలు ఒకేసారి రొక్కం పెట్టి కొనేవాళ్లు ఎందరుంటారు? ఇవన్నీ తీసేశాక మిగిలేదే లిక్విడేషన్ వాల్యూ.

సరే, వాల్యూయర్లు భూమిని బాగా తక్కువ కట్టారనే అనుకుందాం. అప్పుడు కూడా మీ గొడవ తేలదు. బ్యాంకుల క్లెయిమ్ ఎంతో మీరు రాయలేదు. 300 కోట్లు అనుకుంటా. డబ్బు ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నదానికి దివాలా చట్టంలో 53వ సెక్షన్ వరసే వేరు. ముందు ప్రక్రియ ఖర్చులు: ఆర్పీ ఫీజు, గార్డుల జీతాలు, కరెంటు, మధ్యలో తెచ్చిన అప్పు. ఆ తర్వాత ఒకే మెట్టు మీద కార్మికుల 24 నెలల బకాయిలు, తనఖా ఉన్న బ్యాంకులు. వాళ్ల కింద మిగతా ఉద్యోగుల 12 నెలల జీతం. ఆ కింద తనఖా లేని ఆర్థిక సంస్థలు. ఆ కింద ప్రభుత్వం. ఆ కింద 'మిగిలిన అప్పులు' అని ఒక వరస ఉంటుంది. మీరు అక్కడ. 62 కోట్లు రెండో మెట్టు మీదే ఇంకిపోతాయి. భూమికి రెట్టింపు కట్టి 124 కోట్లు వచ్చినా అక్కడే ఇంకిపోతాయి. మీకు చట్టప్రకారం పైసా రావాలంటే 300 దాటాలి.

అందుకే విలువ మీద లాయరుకు డబ్బు పోయొద్దు. గెలిచినా అది బ్యాంకుకే పోతుంది.

మీ పోస్టులో నాకు కనిపించిన అసలు విషయం ఇంకోటి ఉంది. ఆర్పీ వచ్చాక పంపిన ఆ రెండు లోడ్లు. ఆ బిల్లులు పాత బకాయి కావు. కంపెనీని నడపడానికి ఆర్పీ చేసిన ఖర్చు కింద, సీఐఆర్‌పీ (దివాలా ప్రక్రియ) కాస్ట్ కింద వస్తాయి. అంటే మొదటి మెట్టు, బ్యాంకుల కంటే ముందు, పూర్తిగా. కొనేవాడు పెట్టే ఏ ప్లాన్ అయినా ముందు అది కట్టే తీరాలి. దాన్ని ఫారం బి లో కలపమన్నవాళ్లు తెలియక అన్నారో తెలిసి అన్నారో గానీ, ఇవాళే విడగొట్టి రాయండి.


పాత బ్యాంకు మనిషి సమాధానం:

గాజువాక గారు చెప్పింది కరెక్ట్. నేను బ్యాంకు వైపు నుంచి రెండు మాటలు. రిటైర్ అయ్యాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

హెయిర్‌కట్ (బ్యాంకులు వదులుకునే వాటా) అని పేపర్లో 80 శాతం, 90 శాతం చూసి జనం గుండెలు బాదుకుంటారు. మన విశాఖ అల్లాయ్ వీల్స్ కంపెనీ సినర్జీస్ డూరే, ఈ చట్టం కింద దేశంలోనే మొదటి రిజల్యూషన్. 2017 ఆగస్టులో హైదరాబాద్ ఎన్‌సీఎల్‌టీ ఆమోదించింది. క్లెయిములు సుమారు 972 కోట్లు, ప్లాన్ సుమారు 54 కోట్లు. బ్యాంకులకు నూటికి ఆరు రూపాయలు దక్కాయన్నమాట. లిక్విడేషన్ విలువ ఎంతో తెలుసా? ఎనిమిది కోట్ల చిల్లర. కంపెనీ అంతకుముందే ఏళ్ల తరబడి ఖాయిలా కంపెనీల బోర్డు బీఐఎఫ్ఆర్‌లో మగ్గింది. క్లెయిమ్ అంకెలో ఎక్కువ భాగం వడ్డీ మీద వడ్డీ. డబ్బు ట్రిబ్యునల్‌లో పోలేదు, ట్రిబ్యునల్ గుమ్మం ఎక్కకముందే పోయింది. దేశం మొత్తం మీద చూసినా తేలిన కేసుల్లో క్లెయిముల మీద మూడో వంతు దాకానే వస్తోంది. అదే లిక్విడేషన్ విలువతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఏ అంకెతో పోల్చి మాట్లాడుతున్నామన్నదే అంతా.

ఎలా పోయిందంటారా? మేమే పోనిచ్చాం. ఒకప్పుడు సీడీఆర్ (కంపెనీల అప్పుల పునర్వ్యవస్థీకరణ) అని ఉండేది, 2001లో మొదలైంది. అందరు బ్యాంకుల వాళ్లూ ఒక టేబుల్ చుట్టూ కూర్చునేవాళ్లం. ప్రమోటర్ కన్సల్టెంటు రంగురంగుల ప్రొజెక్షన్లు వేసేవాడు, వచ్చే ఏడాది నుంచి అమ్మకాలు గ్రాఫులో పైకి. రెండేళ్లు కిస్తీలు వద్దు, వడ్డీ తగ్గించు, కట్టని వడ్డీని కొత్త లోనుగా రాయి. అలా రాస్తే ఆ ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) కాకుండా నిలబడేది, ఆ ఏడాది మా జోనల్ మేనేజర్‌కి టెన్షన్ ఉండేది కాదు. ఫ్యాక్టరీలో మాత్రం మెషీన్లు తుప్పు పట్టేవి. ఇలా పునర్వ్యవస్థీకరించిన ఖాతాలే తర్వాత గుట్టలుగా బయటపడ్డాయి. 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు ముందుగా 12 పెద్ద ఖాతాలను దివాలాకు పంపమంది. వాటిలో మన హైదరాబాద్ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. పనికొచ్చే ప్లాన్ రాక 2018లో లిక్విడేషన్‌కి పోయింది.

ఇంకో సంగతి. లిక్విడేషన్ విలువ కంటే తక్కువకు అమ్మితే చట్టవిరుద్ధం అని చాలామంది అనుకుంటారు. కాదు. నల్గొండ జిల్లా నార్కెట్‌పల్లి దగ్గర పైపుల ఫ్యాక్టరీ యునైటెడ్ సీమ్‌లెస్ కేసు చూడండి. ప్లాన్ 477 కోట్లు, లిక్విడేషన్ విలువ 597 కోట్ల 54 లక్షలు. అప్పీలు ట్రిబ్యునల్ ఆ తేడా కూడా కట్టమంది. కొంటున్న మహారాష్ట్ర సీమ్‌లెస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 జనవరిలో కోర్టు, ప్లాన్ విలువ లిక్విడేషన్ విలువకు సరిపోవాలని చట్టంలో ఎక్కడా లేదు, క్రెడిటర్ల కమిటీ (అప్పిచ్చిన బ్యాంకుల కమిటీ) వ్యాపార నిర్ణయంలో మేం తలదూర్చం అని చెప్పేసింది. వీడియోకాన్‌లో 2,962 కోట్ల బిడ్ వచ్చి, రహస్యంగా ఉండవలసిన లిక్విడేషన్ విలువ 2,568 కోట్లకు అంత దగ్గరగా ఎలా ఉందని ముంబై ఎన్‌సీఎల్‌టీ ఆశ్చర్యపోయింది, అయినా అప్పటికి ఆమోదించింది. కమిటీలో 66 శాతం ఓటు పడితే విలువ మీద కోర్టులు వేలు పెట్టవు. మీలాంటి సప్లయర్లకు ఓటు లేదు. అందరూ కలిపి మొత్తం అప్పులో పది శాతం ఉంటే మీటింగులో కూర్చునే హక్కు మాత్రం ఉంటుంది.


కుషాయిగూడ ఫాస్టెనర్స్ సమాధానం:

అన్నా, నేనూ ఇదే గుంతలో పడి లేచినోణ్ణే. పెద్దలు చట్టం చెప్పిన్రు, నేను దుకాణం సంగతి చెప్త.

బౌన్స్ అయిన చెక్కుల కేసు ఆపకు. మారటోరియం (దివాలా నడిచినన్ని రోజులు కేసులకు బ్రేకు) వచ్చింది కాబట్టి అంతా ఆగిందని మీ లాయరు చెప్పి ఉంటడు. ఆగేది కంపెనీ మీద. చెక్కు మీద సంతకం పెట్టిన డైరెక్టర్ మీద ఆగదు. సుప్రీంకోర్టు 2021ల మోహన్‌రాజ్ కేసుల స్పష్టంగ చెప్పింది. ప్లాన్ పాస్ అయినా సంతకం పెట్టినోళ్ల బాధ్యత పోదని 2023ల మళ్లీ చెప్పింది. నాకు వచ్చిన కొంతైనా ఆ దారిలనే వచ్చింది. డైరెక్టర్‌కు కోర్టు సమన్లు ఇంటికి పోయినంక ఫోన్ల భాషే మారిపోయింది.

జీఎస్టీ మీద ఆశ పెట్టుకోకు. మనం జేబుల నుంచి కట్టిన పన్ను, వాడు ఎగ్గొట్టిండని గవర్నమెంటు వాపస్ ఇయ్యది. ఇన్‌కమ్ ట్యాక్స్‌ల మాత్రం మీ సీఏతో చెప్పి బ్యాడ్ డెట్ రాయించు, ఆ మేరకు లాభం తగ్గుతది.

ఇంకోటి. కొనేటోడు ఎవడో కనుక్కో. తుక్కు కోసం కొంటున్నడా, నడిపించడానికా? నడిపించేటోడైతే వానికి మీ వాల్వ్ బాడీ కావాలె. కొత్త సప్లయర్‌ను పెట్టి, శాంపిల్ చేసి, ఇన్‌స్పెక్షన్ పాస్ చేయించుకునే సరికి వాని తల ప్రాణం తోకకొస్తది. ఎస్సార్ స్టీల్ ప్లాన్‌ల కోటి లోపు చిన్న సప్లయర్లకు పూర్తిగ ఇచ్చే ఏర్పాటు పెట్టిన్రు. దయతో కాదు, ప్లాంటు నడవాలె కాబట్టి. చట్టం సున్నా అన్నది కనీసం. అంతకు మించి ఇయ్యొద్దని ఎక్కడా లేదు.


చర్లపల్లి మెషిన్ షాప్:

అందరికీ చాలా థాంక్స్. బ్యాంకుల క్లెయిమ్ 310 కోట్లు, గాజువాక సార్ దాదాపు సరిగ్గానే అంచనా వేశారు.

కొనేవాళ్లు పుణె వైపు పంపుల కంపెనీ వాళ్లు. నడిపించేవాళ్లే. పోయిన వారం వాళ్ల ప్రొడక్షన్ మనిషి మా షాపుకు వచ్చి ఫిక్చర్లు (ముక్కను బిగించి పట్టే సాధనాలు) చూసి వెళ్లాడు, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఫిక్చర్లంటే గుర్తొచ్చింది. నావి ఆరు గేజులు, రెండు హైడ్రాలిక్ ఫిక్చర్లు వాళ్ల అసెంబ్లీ హాల్లోనే ఉండిపోయాయి. నా డబ్బుతో చేయించినవి. అడిగితే గేటు దగ్గర సెక్యూరిటీ, లోపలున్నదంతా సీజ్ సార్, స్క్రూ కూడా బయటికి పోనివ్వం అన్నాడు. అవి కూడా ఆ 62 కోట్లలో కలిపి అమ్మేస్తున్నారా?


గాజువాక వాల్యూయర్:

అమ్మకూడదు. మీది మీదే. కంపెనీ దగ్గర ఉన్నా వేరేవాళ్ల సొంతమైన వస్తువు కంపెనీ ఆస్తుల్లోకి రాదని 18వ సెక్షన్‌లోనే ఉంది. చిక్కల్లా అది మీదని చూపించడంలో. నేను లిస్టు రాసేటప్పుడు హాల్లో ఉన్న వస్తువు ఎవరిదో దాని మీద రాసి ఉండదు కదా, స్టోర్స్ రిజిస్టరులో బయటివాళ్లదని లేకపోతే కంపెనీదే అనుకుని రాసేస్తాం. ఒకసారి గ్యాస్ కంపెనీ సిలిండర్లు కూడా అలాగే లిస్టులో ఎక్కాయి, వాళ్ల మనిషి నంబర్లు పట్టుకొచ్చి తీయించుకున్నాడు.

ఆర్పీకి రెండు వేర్వేరు లెటర్లు రాయండి, ఒకే దాంట్లో కలపొద్దు. మొదటిది ఆ రెండు లోడ్ల గురించి. సీఐఆర్‌పీ మొదలైన తేదీ రాసి, దాని కింద మీ ఇన్‌వాయిస్ తేదీలు, ఈ-వే బిల్లు నంబర్లు, వాళ్ల గేటు ఇన్‌వర్డ్ ముద్ర ఉన్న చలాన్ కాపీ, పంపమని అడిగినట్టు వాట్సాప్ గానీ మెయిల్ గానీ ఉంటే దాని ప్రింటు. ఫోన్ మాత్రమే చేసి ఉంటే ఆ కాల్ తేదీ రాయండి. ఈ మొత్తాన్ని నా ఫారం బి క్లెయిమ్ నుంచి తీసి సీఐఆర్‌పీ కాస్ట్ కింద చెల్లించండి అని సూటిగా అడగండి. ఎన్‌సీఎల్‌టీ ప్లాన్‌ను ఆమోదించక ముందే ఇది వాళ్ల చేతిలో పడాలి. ప్లాన్‌లో లేని క్లెయిములు ఆమోదంతో చచ్చిపోతాయని 2021లో సుప్రీంకోర్టు ఘనశ్యామ్ మిశ్రా కేసులో తేల్చేసింది. జవాబు రాకపోతే ఎన్‌సీఎల్‌టీలోనే అప్లికేషన్ వేయించండి. లాయరు డబ్బు పెట్టేదుంటే దీని మీద పెట్టండి.

రెండోది ఫిక్చర్ల గురించి. పంపినప్పుడు రిటర్నబుల్ చలాన్ (తిరిగి ఇవ్వాల్సిన వస్తువని రాసేది) మీద పంపారా, మామూలు డెలివరీ చలానా? రిటర్నబుల్ అయితే మీ పని సులువు. కాకపోతే స్టీలు కొన్న బిల్లు, హైడ్రాలిక్ సిలిండర్ల బిల్లు, డ్రాయింగు మీద మీ షాపు పేరు, ఏది దొరికితే అది. మీరు సాధారణంగా ఫిక్చర్ బేస్ మీద జాబ్ నంబర్ పంచ్ కొట్టిస్తారు కదా, ఆ నంబర్లు కూడా రాయండి. గేటు సెక్యూరిటీతో వాదించొద్దు, ఆర్పీ మనిషి సమక్షంలో చూడటానికి టైమ్ అడగండి.

పుణె వాళ్ల మనిషి మీ షాపుకు ఊరికే రాలేదు. ఆ ఫిక్చర్లు లేకుండా మొదటి నెల వాళ్ల లైను కదలదు. కుషాయిగూడ ఆయన చెప్పిన బేరం అక్కడుంది. కానీ పాత 38 లక్షలు ఇస్తేనే కొత్త ఆర్డరు తీసుకుంటానని పట్టుబట్టకండి, వాళ్ల ఆడిటర్ ఒప్పుకోడు. పాత బాకీ పేరు ఎత్తకుండా కొత్త రేటులో సర్దుకోండి, అడ్వాన్స్ తీసుకోండి, క్రెడిట్ 30 రోజులు దాటనివ్వకండి. చలాన్ ఏ రకమో చూసి ఇక్కడ రాస్తే లెటర్ డ్రాఫ్టు నేనే చేసి పెడతా.